కిటికీ బయట కొల్లేరు

మా అమ్మ గొంతు ఆపరేషన్ ఒక పిట్ట వల్ల వాయిదా పడింది. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నా మొహం వంక చూస్తారు, తర్వాత నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి, నాకేం పోయింది. కాకపోతే ఆ పిట్టను ఇంటికి తెచ్చినవాణ్ణి నేనే కాబట్టి, సంగతి మొదటి నుంచీ చెప్పాల్సింది కూడా నేనే.

నేను కంప్యూటర్ మీద ఇళ్ల ప్లాన్లు గీస్తాను. ఏలూరును ఆనుకుని ఉన్న వట్లూరులో మా ఇల్లు. మేం ఇల్లు కట్టుకున్నప్పుడు చుట్టూ ఖాళీ స్థలాలూ వాటిలో మేసే గేదెలూ ఉండేవి. ఇప్పుడు ఎటు చూసినా పునాదులే. ఒక పక్క బోరు వేస్తుంటారు, ఇంకో పక్క టైల్స్ కోస్తుంటారు, కాంక్రీటు కలిపే మిల్లరు పొద్దున మొదలైతే పొద్దుగూకే దాకా ఆగదు. ఆ ఇళ్లలో కొన్నిటికి ప్లాను గీసింది నేనే కనుక ఎవరినీ తిట్టుకోవడానికి కూడా లేదు. అయినా తిట్టుకుంటాను. బెడ్‌రూము కొలతలు వేసే సమయానికి పక్క స్థలంలో సుత్తి దెబ్బలు మొదలయ్యాయంటే, ఇటు గోడ అటూ అటు గోడ ఇటూ గీసేస్తాను. ఒకసారి వంటింట్లోకి తలుపు పెట్టడమే మర్చిపోయాను. ఆ ఇంటాయన చాలా మర్యాదస్తుడు. "ఏవండీ, మా ఆవిణ్ణి కిటికీలోంచి దింపమంటారా?" అని మెల్లగా అడిగాడు.

అప్పుడు ఎవరో చెప్పారు, పని మీద మనసు నిలవాలంటే పిట్టల కూతలు పెట్టుకోమని. ఫోన్లో వెతికితే గంటల తరబడి కూసే పిట్టలు ఎన్ని కావాలంటే అన్ని దొరికాయి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాను. బాగానే ఉంది కానీ అవి ఏ దేశపు పిట్టలో, ఏ చలి అడవిలో కూస్తున్నాయో తెలియదు. ఇక్కడ బనియన్ తడిసి ముద్దవుతుంటే చెవుల్లో మంచు కురుస్తున్న వ్యవహారం. పైగా సరిగ్గా మెట్ల లెక్క వేస్తున్నప్పుడే పిట్టలన్నీ నోరు మూసుకునేవి, ఒక అమ్మాయి వచ్చి పర్సనల్ లోన్ కావాలా అని అడిగేది. ఒళ్లు మండిపోయేది.

ఒకరోజు అమ్మ కాఫీ తెచ్చి, నా చెవిలోది తీసి తన చెవిలో పెట్టుకుని కాసేపు వింది. "ఇవి మన పిట్టలు కావురా. పరాయి ఊళ్లో చుట్టాలింట్లో కూర్చున్నట్టుంది," అని తీసి ఇచ్చేసింది. ఆమె అన్న తర్వాత నాకూ అలాగే అనిపించడం మొదలైంది.

అందుకని ఫిబ్రవరిలో ఒక పొద్దున బండి వేసుకుని కొల్లేరు వైపు వెళ్లాను. మన పిట్టల్ని మనమే తెచ్చుకుంటే పోలా అని. తీరా వెళ్తే అక్కడ చేపల చెరువుల గట్ల మీద టపాకాయలు పేలుస్తున్నారు. గూడబాతులూ నీటికాకులూ చేపల్ని ఎత్తుకుపోకుండా తోలడానికి ఆ చెరువుల వాళ్లు చేసే పనే అది. గట్టు మీద కాపలా ఉన్న పెద్దాయన నన్ను ఆపి, ఏం కావాలండీ అన్నాడు. పిట్టల కూతలు రికార్డు చేసుకుంటానండీ అన్నాను. ఎందుకండీ అన్నాడు. అవి వింటూ పని చేసుకుంటే ప్రశాంతంగా ఉంటుందండీ అన్నాను. ఆయన నన్ను తేరిపార చూసి, "పట్టుకుపోండి బాబూ. కూతలొక్కటే ఎందుకండీ, పిట్టల్ని కూడా పట్టుకుపోండి," అన్నాడు.

ఆయన చూపించిన చోట, టపాకాయలకు కొంచెం దూరంగా, గట్టు మీద తువ్వాలు పరిచి దాని మీద ఫోన్ పెట్టాను. కాసేపు అక్కడే కూర్చున్నాను. జమ్ము గడ్డిలోంచి చిన్న చిన్న పిట్టలు, గోరింకలు, దూరంగా నీళ్ల మీద బుడుబుంగలు. నాకు పేర్లు పెద్దగా తెలియవు, తెలిసినవి ఇవే. దోమలు కాళ్లను పీకేస్తుంటే పెద్దాయనను ఫోన్ చూస్తూ ఉండమని చెప్పి టీ తాగడానికి బడ్డీ కొట్టు దాకా వెళ్లొచ్చాను. వచ్చేసరికి ఫోన్ దాని పని అది చేసుకుంటోంది. సంతోషంగా తీసుకుని ఇంటికొచ్చాను.

ఆ రికార్డింగు నాకు భలే కుదిరింది. ప్రకటనలు లేవు, మంచు లేదు. అందులో ఏముందో కూడా నేను ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు. వినకుండా ఉండటానికే కదా అలాంటివి పెట్టుకునేది. మొదట్లో రెండు గోరింకలు పోట్లాడుకుంటాయి, అంతవరకే తెలుసు. తర్వాత నేను గోడల్లో పడిపోతాను. కాసేపటికి ఏ ఫోనో వస్తుంది, లేస్తాను, మళ్లీ మొదటి నుంచి పెట్టుకుంటాను.

ఇంతలో అమ్మ సంగతి బయటపడింది. మెడ దగ్గర చిన్న ఉబ్బు ఉందని మా ఆవిడ కనిపెట్టింది. ఏలూరులో డాక్టరుకు చూపిస్తే థైరాయిడ్ గడ్డ అన్నారు, సూదితో పరీక్ష చేయించి, ఉంచుకోకూడదు తీసేయాలన్నారు. కంగారు పడి ఈ వారమే చేయించుకోనక్కర్లేదు, అలాగని ఏళ్ల తరబడి వదిలేయవద్దన్నారు.

అమ్మకు గొంతు ఎంత ముఖ్యమో చెప్పాలి. ఉంగుటూరు దగ్గర కాలవ పక్కన ఉన్న మా ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది అమ్మ. పెళ్లయి వచ్చిన కొత్తలోనే ఆ పని ఆమెకు వచ్చిందట. నాన్నగారు స్కూలు మాస్టారుగా రిటైరై, మేం వట్లూరు వచ్చేసిన తర్వాత కూడా పండగలకు ఆ ఊరే వెళ్తాం. అమ్మ ఎత్తుకోనిదే అక్కడ పాట మొదలుకాదు. ముఖ్యంగా ఈస్టరు. చీకటి ఉండగానే సమాధుల దొడ్డికి వెళ్లి, సున్నం వేసిన సమాధుల మీద పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి నిలబడతారు. తూర్పున తెల్లబడుతుండగా అమ్మ ఒక్కతే పాట ఎత్తుకుంటుంది. మొదటి చరణం ఆమె ఒక్కతే పాడాలి, రెండో చరణం నుంచి అందరూ కలుస్తారు. ఆ చరణంలో ఒకచోట గొంతు బాగా పైకి వెళ్లాలి. అక్కడికి అందుకోలేకే మిగతావాళ్లెవరూ ఆ పాట ఎత్తుకోరు.

డాక్టరు మంచివాడే, వివరంగా చెప్పాడు. గొంతుకు వెళ్లే నరాలు ఆ గడ్డ పక్కనే ఉంటాయి, జాగ్రత్తగా చేస్తాం, చాలామందికి ఏమీ కాదు, కొందరికి గొంతు కాస్త మారవచ్చు అన్నాడు. అమ్మ అడిగింది, "పాడటానికి ఇబ్బంది ఉంటుందాండీ?" అని. "మాట్లాడటానికి ఏం ఇబ్బంది ఉండదమ్మా," అన్నాడాయన. ఆమె అడిగింది ఒకటి, ఆయన చెప్పింది ఇంకొకటి. అది నాకు ఆ గదిలోనే తెలిసింది, కానీ బయట చాలామంది కూర్చుని ఉన్నారని నేను మళ్లీ అడగలేదు.

ఆపరేషన్‌కు ఇచ్చిన తేదీ ఈస్టరుకు ముందు సోమవారం. తిరిగి వస్తుంటే ఆటోలో అమ్మ నా మోచెయ్యి పట్టుకుని అంది.

"నాన్నా, పండగయ్యాక పెట్టుకుందాంరా. పాట పాడేసి వస్తాను."

"పాటదేముందమ్మా, ఎవరో ఒకరు ఎత్తుకుంటారు. ఇప్పుడు వదులుకుంటే మళ్లీ ఈ డాక్టరు గారి డేటు దొరకొద్దూ? చెల్లి సెలవు కూడా పెట్టేసింది," అన్నాను.

చెల్లెలిది తాడేపల్లిగూడెం. ఒక కాలేజీలో పని చేస్తుంది, సెలవు కోసం నానా తిప్పలూ పడింది. నా దగ్గర అప్పటికి మూడు ఇళ్ల ప్లాన్లున్నాయి. ఎవరి లెక్కలు వాళ్లకున్నాయి. అమ్మ నా మోచెయ్యి వదిలేసింది. ఆటో అతను ఎఫ్ఎం పెట్టాడు, అందరం అది వింటూ ఇంటికి వచ్చేశాం.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాన్నగారితో అంది, నాకు భయంగా ఉందండీ అని. "భయం దేనికి, దేవుడున్నాడు. ప్రార్థన చేద్దాం," అన్నారు నాన్నగారు. ఆయన సంఘ పెద్ద, ఆయన దగ్గర ప్రతి దానికీ ఆ సమాధానం సిద్ధంగా ఉంటుంది. "ఏం కాదత్తయ్య గారూ, మా పిన్నికి కూడా ఇదే చేశారు, శుభ్రంగా ఉంది," అంది మా ఆవిడ. చెల్లెలు ఫోన్లో, ఏం కాదమ్మా అంది. నేనూ అన్నాను, ఏం కాదని. ఆ వారమంతా మా ఇంట్లో అందరి నోటా అదే మాట. చుట్టాలు ఫోన్ చేసి అదే అనేవారు, పక్కవాళ్లు గోడ మీంచి అదే అనేవారు. అమ్మ ఆ మాటకు తల ఊపడం మొదలుపెట్టింది. ఆమె ఒప్పుకుందని మేం ఊరట పడ్డాం.

అయితే నిద్ర మాత్రం పోవడం లేదు. రాత్రి సరే, మధ్యాహ్నం కూడా కళ్లు మూసుకుని పడుకుంటుందే గానీ నిద్ర ఉండదు. ఆపరేషన్ లోపు బీపీ తగ్గాలి, విశ్రాంతిగా ఉంచమని డాక్టరు చెప్పాడు. అప్పుడు నాకు నా కొల్లేరు గుర్తొచ్చింది. నా పిచ్చికి కుదిరిన మందు అమ్మకు మాత్రం ఎందుకు కుదరదు? మెమరీ కార్డు పెట్టుకునే చిన్న స్పీకర్ ఒకటి కొని, అందులోకి ఆ రికార్డింగు ఎక్కించి ఆమె మంచం పక్కన పెట్టాను. గదిలో మోగితే టీవీ వాగుతున్నట్టుందిరా అంది. సరేనని దాన్ని కిటికీ ఊచలకు బయటవైపు వేలాడదీశాను. అప్పుడు భలే కుదిరింది. నిజంగానే దొడ్లో పిట్టలు కూస్తున్నట్టు ఉంది. ఊచల సందులోంచి చెయ్యి పెట్టి బటన్ నొక్కుకుంటే చాలు.

రోజూ మధ్యాహ్నం నాన్నగారు చర్చి కమిటీ పనుల మీద వెళ్లిపోయేవారు. మా ఆవిడ తన స్కూలు ఉద్యోగానికి వెళ్లేది. నేను ముందు గదిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, అమ్మ లోపలి గదిలో కిటికీ పక్కన పడుకుని, ఇద్దరం ఒకే కొల్లేరు వినేవాళ్లం. నీళ్లు తాగడానికి లేచినప్పుడు తొంగి చూస్తే, కళ్లు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని ఉండేది. "హాయిగా ఉందామ్మా?" అంటే, "ఆఁ, ఉంది నాన్నా," అనేది. నేను ఛాతీ విరుచుకుని నా కుర్చీలోకి వెళ్లిపోయేవాణ్ణి. బీపీ కూడా కాస్త తగ్గింది. చెల్లెలికి ఫోన్ చేసి ఇదంతా నా ఘనతేనని చెప్పుకున్నాను.

ఆపరేషన్ సోమవారమైతే, శనివారం సాయంత్రం నాన్నగారు కుటుంబ ప్రార్థన పెట్టారు. చెల్లెలు గూడెం నుంచి వచ్చింది. ముందు గదిలో చాప వేసుకుని కూర్చున్నాం. అమ్మ తన గదిలోంచి లేచి వచ్చి, కొంగు తల మీదకు లాక్కుని నాన్నగారి పక్కన కూర్చుంది. వాక్యం చదవడం అయింది, ప్రార్థన మొదలైంది, కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి. మిల్లరు ఆగింది. ఎదురింటి టీవీ ఆగింది. ఎన్నాళ్ల తర్వాతో మా వీధి మూగబోయింది. చెట్ల మీద గోరింకల గోల తప్ప ఏమీ వినపడటం లేదు. నాన్నగారి ప్రార్థనకు ఆ నిశ్శబ్దం బాగా కలిసొచ్చింది. డాక్టరు చేతుల్ని కాపాడమని, నర్సుల్ని కాపాడమని, మత్తు మందు ఇచ్చేవారిని కాపాడమని ఒక్కొక్కరినీ వరసగా అప్పగిస్తూ వస్తున్నారు.

సరిగ్గా అప్పుడు మా ఇంటి మీదుగా తీతువు కూసింది.

తెలియనివాళ్లకు చెప్తున్నాను. తీతువు పొలాల గట్ల మీదా నీళ్ల ఒడ్డునా తిరిగే పిట్ట. పొలంలో కూస్తే ఎవరూ పట్టించుకోరు. అదే ఇంటి మీదుగా కూస్తూ పోయిందంటే ఆ ఇంట్లో చావు కబురు వింటారని మా వైపు గట్టి నమ్మకం. మేం తాతల కాలం నుంచీ చర్చికి వెళ్లేవాళ్లం. శకునాలు చూడకూడదని ఆదివారం బడిలో నేర్పించిన మనుషులం. అయినా ఆ కూత వినపడగానే నాన్నగారు, మత్తు మందు ఇచ్చేవారి దగ్గర ఆగిపోయారు. అది మళ్లీ కూసింది, ఈసారి ఇంకా దగ్గరగా, నెత్తి మీదే కూసినట్టు. చెల్లెలు నా చెయ్యి పట్టుకుంది. నా గుండె గుభేల్‌మంది, అబద్ధమెందుకు చెప్పాలి. నాన్నగారు చెప్పాల్సినవన్నీ వదిలేసి గబగబా ఆమేన్ అనేశారు.

అందరం అమ్మ వైపు చూశాం. ఆమె కళ్లు మూసుకునే ఉంది. తర్వాత కళ్లు తెరిచి, "సోమవారం నేను రాను," అంది.

నాన్నగారు గొంతు సవరించుకుని, "మనకు శకునాలతో పనిలేదనుకో. కాకపోతే దేవుని చిత్తం వేరుగా ఉందేమో," అన్నారు. ఆ ముక్కతో శకునానికి బాప్తిస్మం అయిపోయింది. ఇంతలో మా పై వాటాలో అద్దెకుండే ఆవిడ కొవ్వొత్తి పట్టుకుని దిగొచ్చింది. వాళ్లాయన పౌరోహిత్యం చేస్తారు. "ఏవండీ, విన్నారా? మీ ఇంటి మీదే కూసిందండీ. ఇప్పుడు ఆపరేషన్‌కి వెళ్లకండి పిన్నిగారూ, కొన్నాళ్లు ఆగి మంచిరోజు చూసుకుని వెళ్దురుగాని," అంది. మామూలుగా అయితే నాన్నగారు ఆమెకు మర్యాదగా ఒక చిన్న ప్రసంగం చేసేవారు. ఆ రోజు, "అలాగేనండి," అన్నారు.

నిలబడ్డపాటున డాక్టరు గారి అసిస్టెంటుకు ఫోన్ చేశాను. దొరకదు దొరకదు అనుకున్న డేటు ఎంచక్కా దొరికింది. మూడు వారాలు ఆగినా ఏం ఫర్వాలేదండీ అన్నాడతను. చెల్లెలు తన సెలవు వెనక్కి తీసుకుంది, అదీ అంత కష్టమేం కాలేదు. కరెంటు వచ్చేసరికి అంతా తేలిపోయింది.

పండగకి ఊరెళ్లాం. చీకట్లో సమాధుల దొడ్డికి నడిచాం. కాలవ గట్టు మీద మంచు లేదు, అప్పుడే ఉక్క మొదలైంది. కొవ్వొత్తులు వెలిగించారు, నేను చీమల పుట్ట మీద నిలబడ్డానని కాసేపటికి తెలిసింది. తూర్పున తెల్లబడింది. అమ్మ కొంగు సర్దుకుని పాట ఎత్తుకుంది. మొదటి చరణం ఒక్కతే పాడింది. గొంతు పైకి వెళ్లాల్సిన చోట వెళ్లింది, వెళ్లి అక్కడ నిలబడింది. రెండో చరణానికి జనం కలవబోతుంటే, ఆమె ఆగకుండా మళ్లీ మొదటి చరణమే అందుకుంది. ఎప్పుడూ అలా చేయదు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని ఊరుకున్నారు, ఆమె రెండోసారి కూడా ఒక్కతే పాడింది. చీమలు మోకాళ్ల దాకా ఎక్కేస్తున్నాయి, ఇప్పుడు ఈ సాగదీతేంట్రా దేవుడా అనుకుంటూ నేను కాలు మార్చి కాలు మీద నిలబడ్డాను.

పండగైన వారంలో ఒక ఇంటి పని మీద తాడేపల్లిగూడెం వెళ్లి, ప్యాసింజర్ రైల్లో వెనక్కి వస్తున్నాను. కిటికీ పక్కన సీటు దొరికింది. రైల్లో చేసే పనేం లేదు కనుక, కొల్లేరు పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. గోరింకలు పోట్లాడుకున్నాయి, ఎక్కడో టపాకాయ పేలింది, కాపలా పెద్దాయన దగ్గాడు. అంతదాకా నేనెప్పుడూ వినలేదు కాబట్టి కొత్తగా ఉంది. దెందులూరు దాటాం. ఉన్నట్టుండి తీతువు కూసింది. ఉలిక్కిపడి కిటికీ ఊచలకు మొహం ఆనించి బయటకు చూశాను. పచ్చటి చేలు, చెరువులు, పిట్టా లేదు ఏమీ లేదు. ఇయర్‌ఫోన్స్ తీశాను. రైలు చప్పుడు. పెట్టుకున్నాను. నెత్తి మీదే కూసింది.

ఏలూరు వచ్చేలోపు ఆ ముక్క ఎన్నిసార్లు తిప్పి తిప్పి విన్నానో. సంగతి అర్థమైంది. నేను టీ తాగడానికి వెళ్లినప్పుడు, గట్టు మీద ఫోన్ చూసి ఆ పిట్టకు కోపం వచ్చి, దాని మీదుగా అరుచుకుంటూ ఎగిరింది. ఆ శనివారం సాయంత్రం అమ్మ ప్రార్థనకు లేచి వస్తూ స్పీకర్ ఆపలేదు. అది బ్యాటరీది. టపాకాయా దగ్గూ కరెంటు పోకముందే మిల్లరు మోతలో కలిసిపోయి ఉంటాయి. కరెంటు పోయిందంటే ఇంట్లో మోగే వస్తువులన్నీ ఆగిపోయినట్టేనని మా అందరి లెక్క. కాబట్టి ఆ చీకట్లో వినపడిన గోరింకలూ నిజమే, తీతువూ నిజమే అనుకున్నాం.

ఇంటికెళ్లి అందరినీ కూర్చోబెట్టి వినిపించాను. నాన్నగారు విన్నారు, మొహం ఎర్రబడింది, తర్వాత పగలబడి నవ్వారు, తర్వాత నా మీద కోప్పడ్డారు. ఆ వరస ఆయనకు మామూలే. "నేను అప్పుడే అనుకున్నాను, మనకు శకునాలేంటని," అని కూడా అన్నారు. పై వాటా ఆవిడ మాత్రం, "ఎందులో కూస్తేనేమండీ, కూసింది కూసిందే కదా," అంది. అమ్మ పూర్తిగా వింది. "సరే అయితే, ఇంక వెళ్దాంలే. ఇచ్చిన డేటుకే వెళ్దాం," అంది. ఇంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు. భయం తీరిపోయింది పాపం అనుకున్నాం.

ఆపరేషన్ బాగానే జరిగింది. గడ్డలో భయపడాల్సిందేమీ లేదన్నారు. చేతులెత్తి దణ్ణం పెట్టినంత పని చేశాను. మొదట్లో అమ్మకు గుసగుస తప్ప మాట వచ్చేది కాదు. కొన్ని వారాలకు మాట తేరుకుంది. ఫోన్లో మాట్లాడితే తేడా కూడా తెలియదు. కానీ వంటింట్లో గిన్నెలు కడుగుతూ కూనిరాగం తీసే అలవాటు ఆమెది, అది మొదలుపెట్టేది, కొంచెం పైకి వెళ్లగానే గొంతు విరిగిపోయేది, ఆగేది. డాక్టరుకు చెబితే, మాటకేం ఇబ్బంది లేదు కదమ్మా, ఇది ఇంతకంటే మారుతుందని చెప్పలేను అన్నాడు. ఊళ్లో చర్చికి వెళ్లినప్పుడు ఇప్పుడు వేరే ఆమె పాట ఎత్తుకుంటోంది, ఆ పైకి వెళ్లే పాట జోలికి పోకుండా. అమ్మ ఆడవాళ్ల వరసలో కూర్చుని కింది స్థాయిలో కలుపుతుంది. నేను పిట్టల్ని పెట్టుకోవడం మానేశాను. పని చేసుకుంటున్నప్పుడు వంటింటి వైపు చెవి పెట్టి ఉండటం అలవాటైపోయింది. ఎప్పటి నుంచో నాకు పని సాగింది ఆ కూనిరాగం మీదేనని, అది ఆగిపోయాక తెలిసింది. చాలా బాధగా ఉంటుంది, ఇంతకంటే వేరే ఎలా చెప్పాలో నాకు తెలియదు.

మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం, వాన వచ్చి వెలిశాక, అమ్మ వరండాలో కూర్చుని గోంగూర గిల్లుతోంది. నేనూ ఒక కట్ట తీసుకుని పక్కన కూర్చున్నాను. ఏదో మాటల్లో అడిగాను, ఆ రోజు పిట్ట కూసినప్పుడు బాగా భయపడ్డావా అని.

"దేనికి?" అంది.

"తీతువుకి."

"అది నీ డబ్బాలో పిట్టే కదరా," అంది, గోంగూర మీద నుంచి తల ఎత్తకుండా.

నా చేతిలో కాడ అలాగే ఉండిపోయింది. "నీకు అప్పుడే తెలుసా?"

"రోజూ మధ్యాహ్నం వినేదాన్నిగా. ముందు టపాకాయ, తర్వాత ఎవరో పెద్దాయన దగ్గు, ఆ తర్వాత తీతువు. ఎక్కడ కూస్తుందో కూడా తెలుసు నాకు."

"మరి చెప్పలేదేంటమ్మా? అందరం హడలిపోయాం కదా."

"చెబితే సోమవారం నన్ను తీసుకెళ్లిపోరూ?" అంది. ఆకులన్నీ దగ్గరకు తోసి, కాడల్ని వేరే చేసింది. "పండగకి పాడాలని ఉంది నాన్నా నాకు. ఆ గొంతుతో ఇంకొక్కసారి."

నాకు బాగా అలవాటైన పద్ధతిలోనే కసిరాను. "ఆ మాటే మాతో చెప్పొచ్చు కదమ్మా. పిట్ట దాకా ఎందుకు?"

అమ్మ గిల్లడం ఆపి నా వైపు చూసింది. కోపంగా ఏం చూడలేదు.

"చెప్పాను కదా నాన్నా," అంది. "ఆటోలో చెప్పాను."